నలభై రెండు

"నలభై రెండు. అందరూ దిగారు. ఇక పైకి వెళ్లొచ్చు."

మూడో అంతస్తు అమ్మాయిలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కిసుక్కున నవ్వారు.

ఎందుకంటే, లెక్కపెట్టిన అక్కతో కలిపి వాళ్లు నలభై ఒక్కరే.

ఆ హాస్టల్లో ప్రతి అంతస్తుకూ ఒక రీసెర్చ్ స్టూడెంట్ మెంటార్‌గా ఉంటుంది. అమ్మాయిల మంచిచెడ్డలు చూసుకున్నందుకు ఆమెకు గది ఉచితం. మూడో అంతస్తు మెంటార్ గణితంలో పీహెచ్‌డీ చేస్తోంది. అందరికీ లెక్కలక్క.

మంటలొస్తే ఎలా దిగాలో నేర్పే డ్రిల్ మిగతా అంతస్తులకు ఏడాదికి రెండుసార్లు. వీళ్లకు మాత్రం ప్రతి ఆదివారం, పొద్దున పదింటికి.

అలారం మోగిన రెండు నిమిషాల్లో అమ్మాయిలంతా కింద ఉండేవారు. లెక్కలక్క ఇంకో నాలుగు నిమిషాలకు దిగేది. తలలు లెక్కపెట్టి, చివర్న వెనక గేటు వైపు తిరిగి చెయ్యెత్తేది. అక్కడ వంటగది మనుషులు, కూరగాయల బండి, ఎప్పుడూ పదిమంది తిరుగుతుంటారు.

"ఎవరికక్కా టాటా?"

"మీకెందుకు? పదండి."

రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఊరుకోలేదు. తగువు దొరికితే టిఫిన్ కూడా మానేసే రకం. అందరూ పెట్టిన పేరు లాయర్.

"అక్కా, మనం నలభై ఒక్కరం."

"నా లెక్క నాది."

"మొన్న ఒకతె ఊరెళ్తే నలభై మందిమే ఉన్నాం. నలభై ఒకటన్నావు!"

"అవును. సరిగ్గానే అన్నాను."

"లెక్కలక్క కాదే, కాకిలెక్కలక్క," అంది వెనక నుంచి ఎవరో.

ఆ రోజే లాయర్ కాగితం తీసింది.

"ఈవిడకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. వార్డెన్‌కి రాద్దాం."

వారం వారం నిద్ర చెడగొడుతోంది. అందర్నీ ఎండలో నిలబెట్టి తను తీరిగ్గా దిగుతోంది. తలలు లెక్కపెట్టడం కూడా రాదు.

కింద ముప్ఫై ఎనిమిది సంతకాలు.

వార్డెన్ మేడమ్ లెక్కలక్కను పిలిపించింది. లాయర్ గుమ్మం పక్కన నిలబడి అంతా వింది.

"డ్రిల్ రిజిస్టర్లో ఈ నలభై రెండేమిటమ్మా?"

"లెక్క సరిగ్గానే ఉంది మేడమ్," అంది లెక్కలక్క.

"సరే, నలభై ఒకటని దిద్ది సంతకం పెట్టు. కంప్లయింట్ చింపేస్తాను."

"దిద్దలేను మేడమ్. రేపు నిజంగా మంటలొస్తే ఆర్పడానికి వచ్చినవాళ్లు చూసేది ఆ రిజిస్టరే."

"థీసిస్‌కి ఇంకెన్నాళ్లుంది?"

"ఆరు నెలలు."

"గది పోతే?"

"చదువు ఆపి ఎక్కడైనా ఉద్యోగం చూసుకోవాలి."

"తెలిసే అంటున్నావా?"

"తెలిసే మేడమ్."

మర్నాడు లెక్కలక్క పెట్టె పట్టుకుని మెట్లు దిగుతూ లాయర్ దగ్గర ఆగింది.

"కొత్త మెంటార్‌కి లెక్క చెప్పాను. నవ్వేసింది. నువ్వయినా గుర్తుపెట్టుకో. నలభై రెండు."

ఓడిపోయినా బెట్టు పోలేదనుకుంది లాయర్.

సరిగ్గా పదకొండో రోజు పొద్దున. పరీక్షల సెలవులు. అందరూ గదుల్లోనే ఉన్నారు. ఎవరో ఇస్త్రీపెట్టె ఆపడం మర్చిపోయారు.

మూడో అంతస్తు నిండా పొగ.

అలారం మోగింది. అలవాటైన కాళ్లు రెండు నిమిషాల్లో కిందికి దిగాయి. ఫైరింజన్ వచ్చేలోపు కొత్త మెంటార్ రెండుసార్లు లెక్కపెట్టింది.

"నలభై ఒకటి. అందరూ వచ్చేశారు సార్," అంది ఫైర్ ఆఫీసర్‌తో.

లాయర్ చూపు దానంతటదే వెనక గేటు వైపు వెళ్లింది. వంటగది మనుషులంతా ఇటే పరుగెత్తుకొచ్చారు. అక్కడ ఎవరూ లేరు.

"సార్, ఒకళ్లు తక్కువ."

"మళ్లీ మొదలెట్టావా?" అంది పక్కనున్న అమ్మాయి.

"పాత మెంటార్ నలభై రెండనేది సార్."

ఆఫీసర్ నవ్వలేదు. "ఎప్పుడూ నలభై రెండేనా?"

"ఎప్పుడూ. ఒకళ్లు ఊరెళ్తే నలభై ఒకటి."

"లెక్క రానివాళ్లు పూటకో తప్పు చేస్తారు తల్లీ. ఆవిడ తప్పు చెయ్యలేదు. పైన మీ గదులు కాక ఇంకేమున్నాయి?"

"చివర్న... పాత పరుపులు పడేసే గది."

ఆయన మాస్కు తగిలించుకుని లోపలికి పరుగెత్తాడు.

ఏడు నిమిషాల తర్వాత ఒక ముసలామెను భుజాన వేసుకుని బయటికొచ్చాడు. దగ్గుతోంది. బతికే ఉంది.

వంటమనిషి నెత్తి కొట్టుకుంది. "రాత్రంతా లైబ్రరీ ఊడ్చే అవ్వ! ఇల్లు లేక పగలు అక్కడ పడుకుంటోంది. బయటపడితే పనిలోంచి తీసేస్తారని మేమే నోరు మెదపలేదు. ఇవాళా దిగే ఉంటుందనుకున్నాం."

వార్డెన్ మేడమ్ అవ్వ మీద విరుచుకుపడింది. "అలారం అంతసేపు మోగింది కదా! లేచి రావడానికేం?"

అవ్వ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోతోంది.

లాయర్ లెక్కలక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మంటలొచ్చాయి. అందరం దిగాం... నలభై రెండు."

అవతల బస్సు చప్పుడు. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు.

"ఆ అరుపులు మేడమ్‌వేనా? ఆవిడ మీదేనా?"

"అవునక్కా."

"అరవొద్దని చెప్పు. అవ్వకి పుట్టుచెవుడు. నేనే వెళ్లి తట్టిలేపి, వెనక మెట్ల మీదుగా దింపేదాన్ని. ఆ దారి అలవాటు కావాలనే వారం వారం డ్రిల్ పెట్టాను. నువ్వెళ్లి ఎదురుగా నిలబడి చెయ్యెత్తు. తనూ లెక్కలో ఉన్నానని అర్థమవుతుంది."

"అక్కా, నువ్వు తిరిగొచ్చెయ్యి..."

"స్టాపొచ్చింది. ఉద్యోగంలో ఇవాళే మొదటి రోజు. లేటైతే ఊరుకోరు."

ఫోన్ కట్టయింది.

లాయర్ అందర్నీ తోసుకుంటూ వెళ్లి, అవ్వ ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది.

అవ్వ కూడా చెయ్యెత్తింది. కళ్లు మాత్రం లాయర్ భుజం మీదుగా, ఎప్పుడూ అందరికన్నా చివర్న దిగే మనిషి కోసం చూస్తున్నాయి.