పై పాట

పిల్లల రెండంతస్తుల మంచం పాట ఎనిమిది వందల రియాళ్ల దగ్గర ఆగింది.

పాడినవాడు బాలన్న. టైల్స్ మేస్త్రీ. లేబర్ కాంపులో ఉంటాడు.

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఇల్లు ఖాళీ చేసి ఊరికి పోయే తెలుగువాళ్లంతా సామాన్లను ఆ వాట్సాప్ గ్రూపులోనే వేలం వేస్తారు. ఫొటో పెట్టాలి. శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు పాట. పై పాట ఎవరిదైతే సామాను వారిది.

"కాంపుల ఉండేటాయనకు పిల్లల మంచమెందుకట?" అంది జయ.

"మనకెందుకే? పైసలొస్తే సాలు," అన్నాడు జనార్దన్.

అతని అవసరం అలాంటిది. పెళ్లాం పిల్లల మీద కూడా సౌదీ సర్కారు తలకింతని లెవీ పన్ను వేశాక, స్టోర్ కీపర్ జీతంతో సంసారాన్ని ఇక్కడ ఉంచుకోవడం అతని వల్ల కాలేదు. బాకీ పడ్డ లెవీ కడితేనే వాళ్లకు దేశం వదిలే ఎగ్జిట్ ముద్ర పడుతుంది. సామాన్లమ్మి కడతాను, నీ గాజుల జోలికి రాను అని జయకు మాటిచ్చాడు. పెళ్లినాడు ఆమె తల్లి తన చేతివి తీసి తొడిగిన గాజులవి.

బాలన్న రెండు వందలు తెచ్చి చేతిలో పెట్టాడు. మిగతాది జీతం రాగానే ఇస్తానన్నాడు.

వారం పోయింది. జీతం రాలేదు.

"సౌదీలను తక్కువ పెట్టుకున్నదని మా కంపెనీ నితాఖత్ల రెడ్ల పడ్డది సారూ, జీతాలు ఆగినయి. జర ఓపిక పట్టుండ్రి. మీ పైసలు ఎగ్గొట్ట."

ఇంకో వారం పోయింది. మళ్లీ అదే పాట.

జనార్దన్‌కు చిర్రెత్తుకొచ్చింది. గ్రూపులో అందరూ వినేలా వాయిస్ పెట్టాడు.

"జేబుల పైస లేనోడు పాటకెందుకు దిగాలె? ఇసొంటోళ్లను గ్రూపుల ఉంచుకుంటే మనందరం మునుగుతం!"

గ్రూపు నడిపే కొర్నేలుది రాజమండ్రి. ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఎవరినీ నొప్పించలేని మనిషి.

"మీరు పట్టుబడుతున్నారు కాబట్టి తీసేస్తున్నానండి జనార్దన్ గారూ," అన్నాడు నసుగుతూ. "మనిషి చెడ్డవాడు కాదండి. కాస్త లేటు, అంతే."

ఆ సాయంత్రమే బాలన్న ఫోన్ చేశాడు.

"సారూ, మీ ఫ్రిజ్ పాట అయ్యేదాంక నన్ను మళ్ల గ్రూపుల ఏయమనుండ్రి. తర్వాత తీసేసినా ఏమనుకోను."

"మంచం పైసలకే దిక్కు లేదు, నీకు ఫ్రిజ్ గూడ కావాల్నా?"

"అది గాదు సారూ..."

జనార్దన్ ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, ఆ ముచ్చట జయకు చెప్పి నవ్వాడు కూడా.

జయ నవ్వలేదు.

శుక్రవారం వచ్చింది. ఫ్రిజ్ నిగనిగలాడుతోంది. కొని రెండేళ్లు కూడా కాలేదు. పాత సామాన్ల దుకాణం సేఠు నూరు రియాళ్లన్నాడు. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు. గ్రూపులో అందరూ అమ్ముకుని పోయేవాళ్లే, కొనేవాళ్లెక్కడ? గంట గడిచేసరికి ఫ్రిజ్ నూటికే పోయింది. వాషింగ్ మెషిన్‌ది మరీ అన్యాయం.

సేఠు హైదరాబాదీ. పికప్ బండితో వచ్చి రెండూ ఎక్కించుకున్నాడు.

"ఆ మేస్త్రీని తీసేయించి మంచి పని చేసిన్రు సాబ్," అన్నాడు. "శాన పరేషాన్ చేస్తుండె."

వాడితో విసిగింది తనొక్కడే కాదన్నమాట అని జనార్దన్ సంతోషపడ్డాడు. ఆ సంతోషం ఆ పూటకే. మర్నాడు బంగారం దుకాణంలో జయ గాజులు తనే తీసి బల్ల మీద పెట్టింది. వచ్చిన పైసలు లెక్కపెట్టి మొగుడి చేతిలో పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

జయా పిల్లలూ విమానమెక్కారు. ఖాళీ ఇంట్లో ఆ మంచం మాత్రం మిగిలింది.

నెల తిరిగాక స్వామి అనే అతను ఫోన్ చేశాడు. బాలన్న రూములోనే ఉంటాడట.

"మీ మంచం పైసలు అన్న నా తాన పెట్టి పోయిండు సారూ. వచ్చి తీస్కపోండ్రి."

"పోయిండా? ఏడికి?"

"ఎగ్జిట్ మీద ఊరికి. ఇగ మళ్ల రాడు. కంపెనీ లెక్క తేల్చినంక వచ్చిన పైసలల్ల మీయే ముందుగాల తీసి పెట్టిండు."

జనార్దన్‌కు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. బండి మాట్లాడి, మంచం ఎక్కించుకుని కాంపుకు వెళ్లాడు.

"ఇది యాడ దించాలె?"

స్వామి అతన్ని రూముల వెనక్కి తీసుకెళ్లి తార్పాలిన్ ఎత్తాడు. దాని కింద ఒక ఉయ్యాల, డైనింగ్ టేబుల్, ఎయిర్ కూలర్, మూడు చక్రాల సైకిల్. ఆ ఉయ్యాలను జనార్దన్ గుర్తుపట్టాడు. పోయిన ఎండాకాలం సంసారం సర్దుకుని వెళ్లిపోయిన నర్సు ఉమారాణి వాళ్లది. అన్నీ తెచ్చిపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇవన్నీ ఆయనకెందుకు?"

"ఎందుకూ గాదు సారూ. సేఠు ఒక్కడే పాడితే ఇంటికి పోయేటోళ్ల సామాను మట్టిపాలైతది, ఎవలన్న ఒకలు మీద పాడాలె గదా అంటుండె. సేఠు మధ్యల ఆగిపోయిన నాడు అది అన్న మెడకే పడేది. జీతమొచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కట్టుకుంట వచ్చిండు."

జనార్దన్ ఉయ్యాల మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"మీ ఫ్రిజ్ పాట నాడు గూడ ఫోన్ పట్టుకొని పాటయ్యేదాంక గీ అరుగు మీదనే కూసున్నడు సారూ," అన్నాడు స్వామి, "మళ్ల గ్రూపుల ఏస్తరేమో, ఏస్తే మీ కోసం సేఠు మీద పాడుదామని."