గీతలో నాన్న

"దేశంలో చావులన్నీ లెక్కపెట్టావు, ఇంట్లో చావుకి మాత్రం గడప తొక్కలేదు." కుట్టుమిషన్ ఆపకుండానే అంది అక్క. "నాన్నంటే నీకెప్పుడూ లెక్కలేదురా."

తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. మహమ్మారికి ఏ ఏడు ఎందరు బలయ్యారో తేల్చే ఆఫీసుకి అతనే పెద్ద. ల్యాప్‌టాప్ విసురుగా ఆమె వైపు తిప్పాడు.

"నన్ను రానివ్వంది ఈ పనే. చూడు, ఈ చావుల గీత మొదటి ఏడు కొండలా లేచింది. రెండో ఏడు దాన్ని మించింది. ఈ ఏడు నేలకి దిగింది. లెక్కలో ఒక్కరినీ వదల్లేదు. నాన్న కూడా ఇందులోనే ఉన్నాడు."

మిషన్ ఆగింది.

"ఏడీ?"

మొదటి కొండ కొన మీద వేలు పెట్టాడు. అక్క కళ్లద్దాలు సర్దుకుని అక్కడే చాలాసేపు చూసింది. ఆమె గొంతులో కారం తగ్గింది.

"పోనీలే. పరీక్ష చేసే దిక్కు కూడా లేకుండా పోయాడు కదా, కలపలేదేమో అనుకున్నా."

వేలు అక్కడే బిగుసుకుపోయింది. పరీక్ష జరగని చావును కలపకూడదని ఆ ఏడు రూలు రాసింది అతనే.

"ఇందాక లెక్కలేదన్నాను," అంది అక్క, మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తూ. "మనసులో పెట్టుకోకురా."