రెప్ప మీద కొలత

"ఆరు పాయింట్ నాలుగు," అన్నాడు డాక్టర్ పవన్‌కుమార్.

రూతు మంచానికి ఇంకా దగ్గరగా జరిగింది. అరగంట కిందట ఆరే ఉంది.

బెంజ్ సర్కిల్ దగ్గర మంచం మీది మనిషి బైక్‌ని లారీ గుద్దింది. హెల్మెట్ లేదు. పుర్రెకు రంధ్రం పెట్టి లోపలి ఒత్తిడి కొలుద్దామంటే, అతను గుండెకు వాడే మందుల వల్ల రక్తం గడ్డకట్టడం లేదు. అందుకే మూసిన కంటి రెప్ప మీద జెల్ రాసి, స్కానింగ్ పరికరం ఆనించి, వెనక నరం ఎంత ఉబ్బిందో చూస్తున్నారు. నరం ఉబ్బిందంటే మెదడులో ఒత్తిడి పెరిగినట్టే. అయిదున్నర మిల్లీమీటర్ల లోపుకి దిగాలి.

"ఒక్కసారి లేపండి డాక్టరు గారూ. ఒక్క మాట చాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇప్పుడు లేపితే ఒత్తిడి ఇంకా పెరుగుద్దమ్మా. మనిషి దక్కడు."

ఐసీయూ బయట ఆయా దానమ్మ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఏడవమాక తల్లీ. ప్రభువు నీ తాళి నిలబెడతాడు. ప్రాణం పొయ్యమని ప్రార్థన చేస్తానుండు."

"మాట రావాలని చెయ్యి పిన్నీ. ముందు మాట!"

"ఎంత ప్రేమమ్మా నీకు!" దానమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఫోన్ మోగింది. తమ్ముడు ఆమోసు.

"అక్కా, కంకిపాడంతా తిరిగాం. దొరకలేదు."

"అయితే ఉయ్యూరు పొండ్రా! కనపడిన ప్రతి మనిషినీ అడగండి. టైం లేదు!"

"రక్తం కోసమా?" అంది దానమ్మ జాలిగా.

రూతు అద్దంలోంచి ఆ మూసిన రెప్పల్నే చూస్తోంది.

మళ్ళీ స్కాన్. ఆరు. ఇంకో అరగంటకు అయిదు పాయింట్ ఏడు. ఆ తర్వాత అయిదు పాయింట్ మూడు.

డాక్టర్ బయటికొచ్చాడు. "మందు పనిచేసిందమ్మా. ప్రాణభయం లేదు."

"స్తోత్రం!" అని కేకేసింది దానమ్మ.

"మాట్లాడతాడా?" అంది రూతు.

డాక్టర్ తల దించుకున్నాడు. "మత్తులోనే ఉంచాలి. కనీసం నాలుగు రోజులు. పోలీసులకీ అదే చెప్పాను."

రూతు గోడకేసి తల బాదుకుంది. దానమ్మ బిత్తరపోయి ఆమె భుజాలు పట్టుకుంది.

"ఇదేం చోద్యం తల్లీ! మొగుడు బతికాడంటే గుండెలవిసేలా ఏడుస్తావేంటి?"

పొద్దున రూతు మూడేళ్ళ కూతుర్ని బైక్ మీద ఎత్తుకుపోయి ఏ గదిలో పెట్టి తాళం వేశాడో, ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి ఒక్కడికే తెలుసు.