తట్టెడు గడ్డిగింజలు

పల్లేరు ముళ్లు తప్ప ఏమీ మొలవని ఒక బీడులో, పశువులన్నీ కలిసి తట్టెడు గడ్డిగింజలు పోగేశాయి. వాన పడగానే చల్లాలని ఆశ. తీరా మబ్బు పట్టేసరికి తట్ట ఖాళీ!

"ఇంకెవరు, ఈ మేకే!" అని రంకె వేశాడు అందరి తగవులూ తీర్చే ముసలి ఎద్దు సాంబన్న.

"నాలుగు గింజలే తిన్నాను, ఒట్టు!" అంటూ చింతాకు అనే ఆ మేక పరుగు లంకించుకుంది.

గొర్రెలు, గేదెలు, చివరికి కుంటి గాడిద కూడా వెంటపడ్డాయి. చింతాకు ముళ్లకంప దూకింది, గేదె పొట్ట కింద దూరింది, భయంతో దారి పొడుగునా పెంటికలు రాల్చింది.

వానలు పడ్డాయి. నెల తిరిగేసరికి చింతాకు పరిగెత్తిన దారెంట, వంకరటింకరగా, సన్నటి గడ్డి మొలిచింది. అది చూసి అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే వెనక్కి తిరిగి నోళ్లు తెరిచారు. సాంబన్న రోజూ పడుకుని తీర్పులు చెప్పే చోట గడ్డి మోకాలెత్తున గుబురుగా లేచింది!

"గాలికి కొట్టుకొచ్చుంటాయి," అని గొణిగాడు సాంబన్న.

"గాలి నీ పేడలోకి ఎట్లా దూరింది మావా?" అంది చింతాకు.

శిక్ష అక్కడికక్కడే పడింది. వచ్చే ఏడు తట్టెడు గింజలూ సాంబన్నే తినాలి. కాకపోతే బీడంతా తిరగాలి, ఒకసారి పేడ వేసినచోట మళ్లీ వెయ్యకూడదు.