పాకాల ప్యాసింజర్

"ప్యాసింజర్ ఇంకా రాలేదా?"

మోహన గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

అప్పటికి సాయంత్రం ఆరుంబావు.

చిత్తూరులో తన జిరాక్స్ షాపులో కూర్చుని బాలచంద్ర ఫోన్ చూస్తున్నాడు. టెలిగ్రామ్‌లో ఐదుగురు కలిసి రాస్తూ ఆడే కథ ఆట అది. నడిపేది అతనే.

రోజూ ఉదయం తొమ్మిదికి అతను ఒక ఘట్టం రాసి పెడతాడు. పాడుబడ్డ కోటలో మూసిన తలుపో, చీకటి సొరంగమో, ఎదురొచ్చిన శత్రువో. తమ పాత్ర ఏం చేస్తుందో మిగతా నలుగురూ సాయంత్రం ఆరులోపు రాయాలి. ఆ తర్వాత ఫోన్‌లోనే పాచికలు వేసి, ఎవరు నెగ్గారో, ఎవరు దెబ్బ తిన్నారో చెబుతాడు.

మోహన, రఘునాథ్ అతని కాలేజీ స్నేహితులు. జయంతి రఘునాథ్ చిన్నమ్మ కూతురు, తమిళనాడులోని గుడియాత్తంలో ఉంటుంది. నాలుగో మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఎక్కడో లింకు చూసి చేరాడు. 'పాకాల ప్యాసింజర్' అని తనే పేరు పెట్టుకున్నాడు.

పేరుకు తగ్గట్టే రోజూ అందరికన్నా ఆఖరున వచ్చేవాడు.

ఆటలో అతనిది దివిటీ పట్టే పాత్ర. కత్తి లేదు, మంత్రం లేదు.

"నేను దివిటీ ఎత్తి పట్టుకుంటాను. వైద్యుడు గారికి గోడ మీద రాత కనబడుతుందేమో" అని రాసేవాడు. అంతే. ఆ రాత చదివి రఘునాథ్ ఆడే వైద్యుడు అందరినీ కాపాడేవాడు.

ఆ రోజు కథ కోట ఆఖరి వాకిలి దగ్గరికి వచ్చింది. మోహన పనికి సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. జయంతి, ప్యాసింజర్ ఇద్దరూ ఇంకా రాయలేదు. కానీ మోహన కంటికి ఒక్కడే ఆనాడు.

"దినామూ ఇదే కత. ఒకడి కోసం అందరం కాసుకోనుండాల్నా? తీసెయ్యప్పా!"

ప్యాసింజర్ వెంటనే జవాబిచ్చాడు.

"తప్పు నాదే. క్షమించండి. ఇంకో అర్ధగంట ఇస్తే చాలు."

"ఫోన్ చేతిలోనే ఉండాది గదా! ఆ రాసేదేదో రాయడానికేం?"

"అర్ధగంట చాలండి" అని మళ్లీ అదే రాశాడు ప్యాసింజర్.

బాలచంద్రకు చిరాకేసింది. కారణమేమిటని విడిగా ఒక మాట అడగొచ్చు. అడగలేదు. అందరి ముందే రాశాడు.

"టైముకు రాసేవాళ్లకే ఈడ చోటు. ఏమనుకోవద్దండి."

గ్రూపు నుంచి తీసేశాడు.

రెండు నిమిషాలకు జయంతి సగం సగంగా రెండు లైన్లు పెట్టింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి ఆఖరున రాసేది జయంతి అయింది. మూడో రోజు మోహన ఆమె మీదా విసుక్కున్నాడు. ఆమె వెళ్లిపోయింది. మిగిలిన ఇద్దరితో ఆట సాగలేదు. ఆఖరి వాకిలి తెరుచుకోనే లేదు.

ఆరేళ్లు గడిచాయి.

తిరుచానూరులో రఘునాథ్ పెళ్లి. భోజనాలయ్యాక బాలచంద్ర, మోహన మండపంలో ఒక మూలకు కుర్చీలు లాక్కుని పాత గ్రూపు తెరిచారు.

"ఎన్ని దినాలు ఆడినామబ్బా?"

"నూటా పన్నెండు."

"ఈడ సూడు, నేను గోడ దూకి బురదలో పడిండేది!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"షాపులో కరెంటు పోతే చార్జింగ్ కోసం టీ అంగడికి పరిగెత్తేవాణ్ణి. మళ్లా దేనికీ అంతగా ఎదురుసూసింది లేదప్పా" అన్నాడు బాలచంద్ర.

మోహన నిట్టూర్చాడు. "ఆ ప్యాసింజర్ లేకుంటే కోట గెల్చిండేవాళ్లం."

"అట్లనొద్దన్నా."

వెనక పట్టుచీరలో ఒకమ్మాయి నిలబడి ఉంది.

"నేను జయంతిని."

వాళ్లు ఆమెను చూడడం అదే మొదటిసారి. మోహన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"నేను చదివింది తమిళంలో అన్నా. తెలుగు మాట్లాడతాను గానీ అప్పట్లో రాసేదానికి వచ్చేది కాదు. రెండు లైన్లకు దినమంతా పట్టేది. రెండో రోజే ఆయన్ని విడిగా అడిగినాను, 'దివిటీ' అని ఎట్లా రాయాలని."

"చెప్పినాడా?"

"చెప్పినాడు. ఆ మర్నాటి నుంచి తను రాసింది నాకు ముందే పంపించేవాడు. 'ఇందులో ఏ మాట కావాలన్నా తీసుకోండి. మీరు గ్రూపులో పెట్టినాకనే నాది పెడతాను. తొందరేం లేదు' అని."

మోహన తల వంచుకున్నాడు.

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పలేదేం జయంతీ?" బాలచంద్ర గొంతు తగ్గింది.

"చెప్పాలనే రాస్తా ఉండినాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటా. అది అయ్యేలోపల మీరు తీసేసినారు. భయమైపోయింది. అంతా చెరిపేసి, రాసినకాడికి ఆట మాటే పెట్టేసినాను."

నాదస్వరం ఆగింది. ఆమె మళ్లీ అంది.

"తర్వాత ఒకసారి అడిగినాడు, కోట గెల్చినారా అని. లేదని చెప్పేదానికి మనసు రాలేదు. గెల్చినామని రాసినాను. శానా సంతోషపడినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

జయంతి తన ఫోన్ ఇచ్చింది. పేరు ఉండాల్సిన చోట, ఖాతా తొలగించారని మాత్రమే ఉంది. అతని అసలు పేరేమిటో, ఏ ఊరో ఆమెకూ తెలియదు.

బాలచంద్ర వేలితో తెరను జరుపుతూ పోయాడు. అతను పంపినవన్నీ అక్కడే ఉన్నాయి, రోజుకొకటి చొప్పున. ఒక్కోదాని పక్కన పంపిన వేళ.

తొమ్మిదీ ఆరు. తొమ్మిదీ నాలుగు. తొమ్మిదీ పది.

తీసేసిన రోజు దాకా, తను పెట్టిన ఘట్టం చదివిన వెంటనే, అందరికన్నా ముందు రాసి కూర్చున్న మనిషి అతనే.