కొట్టేయమన్న అంకె

సలేలోలోంగా రేవు ఊరి చర్చి హాల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే ఫిలేము, పెనీనా తెచ్చిన కాగితం చూసి నవ్వింది.

"అన్నీ ఎనిమిది, తొమ్మిది, పది గంటలు. చివర్న నలభై ఒకటా? నిద్రమత్తులో రాశావా ఏంటే?"

"అలాంటి అంకె మామూలుగా రావచ్చా మిస్?" అడిగింది పెనీనా.

"రాదు. దాన్నుంచితే సగటంతా పాడవుతుంది. కొట్టేయ్."

పెనీనా పెన్ను తీసింది గానీ, కాగితం మీద పెట్టలేదు.

"ఇంతకీ ఏం గంటలే ఇవి?"

"నాన్న చేపల వేటకెళ్లి తిరిగి రావడానికి పట్టే గంటలు. పడవ ఒడ్డుకు చేరేదాకా దాని ఊసెత్తొద్దని అమ్మ కట్టడి. అందుకే లెక్కలాగా అడిగాను మిస్."

ఫిలేము వంగి ఆ చివరి అంకెను మళ్లీ చూసింది.

"నలభై ఒకటి పొద్దుటి మాట" అంటూ పెనీనా దాన్ని కొట్టేసి, పక్కన నలభై తొమ్మిది అని రాసింది.