నాలుగో గడి

టక్, టక్. టక్, టక్.

ఇల్లు కనబడకముందే రోలు చప్పుడు వినబడింది.

బువా అత్త పచ్చి బొప్పాయి పచ్చడి దంచుతోందన్నమాట. డాక్టర్ పైలిన్ నవ్వుకుంటూ జీపు దిగింది. నడుస్తూ వెళ్లేంత ఓర్పు లేక, చుట్టచుట్టిన కాగితం చంకలో పెట్టుకుని పరుగు తీసింది.

గుంజల మీద నిలిచిన ఇంటి కింద, నీడలో, ఉయ్యాలలో పడుకుని ఉన్నాడు కోప్. వాడి తల్లి బున్సీ బుట్టలోకి వేడి అన్నం సర్దుతోంది. ఆమె ఆడబిడ్డ బువా రోటి ముందు కూర్చుంది.

"దొరికింది, పిన్నీ," అంది పైలిన్ ఆయాసపడుతూ. "మీరు దెయ్యమంటారే, మీ ఇంటి మగవాళ్లను నిద్రలో తీసుకుపోతున్నది, అది దొరికింది. అది రక్తంలోనే ఉంది. గుండెను నడిపే జన్యువులో ఒక్క అక్షరం తారుమారైంది."

"దెయ్యానికి చదువు కూడా వచ్చా, డాక్టరక్కా?" అన్నాడు కోప్.

"నీలోనూ ఉంది, కోప్."

ఉయ్యాల ఆగింది.

"మొన్న పొలంలో పడిపోయావే, అదీ దీనివల్లే. నాతో పట్నం రా. ఛాతీలో చిన్న యంత్రం పెడతారు. గుండె దారి తప్పితే అది తట్టి లేపుతుంది."

"నన్ను కోస్తారా? నేను రాను." కోప్ రెండు చేతులూ చాచి చూపించాడు. పది గోళ్లకూ ఎర్రరంగు. "రాత్రిళ్లు ఆడదానిలా అమ్మ లుంగీ కట్టుకుని పడుకుంటున్నాను. మొగుడు చచ్చిన దెయ్యం అది. దానికి మొగుళ్లు కావాలి గానీ ఆడపిల్లలెందుకు?"

"మీ నాన్న కూడా రంగు వేసుకునే పడుకున్నాడురా," అంది బున్సీ, తల ఎత్తకుండా.

"కాలి గోళ్లకు మరిచిపోయి ఉంటాడు," అన్నాడు కోప్.

రోలు టక్, టక్ మంటూనే ఉంది.

"ఇదిగో పిల్లా, నా దగ్గర కూడా ఒక సీసా రక్తం పట్టుకుపోయావు," అంది బువా. "దాన్నేం చేశావు? చేపల పులుసులో పోశావా?"

"మీలోనూ ఆ మార్పు ఉంది, అత్తా. కానీ ఆడవాళ్ల జోలికి అది అంతగా పోదు. అందుకే మీ సీసా పక్కన పెట్టాం. గుండె పరీక్ష చేద్దామంటే మీరు రవిక విప్పనన్నారు."

"నా అందం చూసి నువ్వు తట్టుకోలేవని."

పైలిన్ వంశవృక్షం గీసిన కాగితం చాప మీద పరిచింది. మగవాళ్లకు నలుచదరపు గడులు, ఆడవాళ్లకు సున్నలు. నిద్రలో పోయిన కోప్ తండ్రి గడి మీద అడ్డగీత. ఆయన ఇద్దరు అన్నల గడుల మీదా అడ్డగీతలే. బువా పేరు ఒక సున్నలో ఉంది. దాని పక్కన నాలుగో గడి ఖాళీగా ఉంది.

"ఈ నాలుగో ఆయన పేరు ఇవాళయినా చెప్పండి, పిన్నీ. ఊళ్లో ఎవరిని అడిగినా పిల్లవాడుగా ఉన్నప్పుడే పోయాడంటారు. పేరడిగితే మొహం తిప్పుకుంటారు."

"పోయినవాడి పేరుతో పనేమిటమ్మా?" బున్సీ కూడా మొహం తిప్పుకుంది.

"పనుంది. ఈ మార్పును రక్తంలో మోస్తూ కూడా ముసలివాడయ్యేదాకా బతికిన మగవాడు ఒక్కడు కావాలి నాకు. ఒక్కడు దొరికితే చాలు, ఎగిరి గంతేస్తాను."

"ఎందుకంత సంబరం?" అని అడిగింది బువా.

"అతని రక్తంలో కాపలా కాసేది ఇంకేదో ఉండి ఉండవచ్చు, అత్తా. అదేమిటో పట్టుకుంటే, ఒకనాటికి మందు చేయవచ్చు. కోప్‌కే కాదు, కోప్ పిల్లలకు కూడా."

"మరి గోళ్లరంగో?" అంది బువా.

"రంగు కాపాడేదయితే ఈ మూడు గీతలు ఎందుకు గీస్తాను?"

రోలు చప్పుడు ఆగిపోయింది.

పైలిన్‌కు ఆ నిశ్శబ్దం కొత్తగా తోచింది. ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా ఆ రోకలి మధ్యలో ఆగడం ఆమె ఎరగదు.

"కోప్," అంది బువా. "ఇవాళ జీపు ఎక్కుతావా, ఎక్కవా?"

"దాచిన పేరు పైకి చెబితే దెయ్యం ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని మీరేగా భయపెట్టారు, అత్తా? ఆ పేరు దాని చెవిన పడేలా చెప్పే మొనగాడెవరైనా మన ఊళ్లో ఉంటే చూపించండి. అప్పుడు ఎక్కుతాను."

"మాట తప్పవు కదా?"

బున్సీ చేతిలోని అన్నం బుట్ట జారిపోయింది. "వద్దు వదినా. మీకు దండం పెడతాను. అది వింటుంది."

"విననీ బున్సీ. అది నన్ను వెతకనే లేదట. విన్నావుగా, ఈ పిల్ల ఏం చెప్పిందో."

బువా చెయ్యి కడుక్కుంది. చాప దగ్గరకు వచ్చి కూర్చుంది. తలకు చుట్టుకున్న పూల రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకుంది. నెరిసిన జుట్టు పొట్టిగా, చెవుల పైకి కత్తిరించి ఉంది.

పైలిన్ కలం కింద పెట్టి, కాగితం మీద బువా పేరున్న సున్న వైపు చూసింది.

పక్కన పెట్టిన సీసా గుర్తుకొచ్చింది. విప్పని రవిక గుర్తుకొచ్చింది. మొహం తిప్పుకున్న ఊరంతా గుర్తుకొచ్చింది.

"ఆ సున్న కొట్టెయ్, పిల్లా," అంది బువా. ఎర్రరంగు వేసిన వేలు ఖాళీగా ఉన్న నాలుగో గడి మీద ఆనింది. తరవాత తల ఎత్తి, వాకిట్లోని ఎండ వైపు తిరిగి, ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని బొంగురు గొంతుతో, ఆ ఇంట మిగిలిన ఒక్క కొడుకు తన పేరు తానే గట్టిగా చెప్పాడు:

"ఖాంసింగ్."